ఫిర్యాదులు ఏవీ అందలేదు

మా కాలేజీలో సమాన అవకాశాల సెల్ ఉంది. ఎస్సీ ఎస్టీ సెల్ ఉంది. బీసీ సెల్, మహిళా సాధికార సెల్, గ్రీవెన్స్ సెల్, ర్యాగింగ్ నిరోధక కమిటీ అన్నీ ఉన్నాయి. అన్నిటికీ కలిపి ఒకటే గది, ఒకటే బీరువా. కాలేజీల నాణ్యత చూసే నాక్ బృందం వస్తోందంటే ఆ గదికి సున్నం పడుతుంది, గుమ్మం మీద బోర్డులు వరసగా వెలుస్తాయి. వాళ్ళు వెళ్ళిన మర్నాటి నుంచి అందులో పాత జవాబు పత్రాల కట్టలుంటాయి. బీరువాలో సెల్‌కొక రిజిస్టరు. నెలనెలా వాటిలో మేం రాసే వాక్యం ఒక్కటే: ఫిర్యాదులు ఏవీ అందలేదు.

రాసింది అబద్ధమేం కాదు. నిజంగానే ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదని మాత్రం మేం ఎవర్నీ అడగలేదు.

మేమంటే ఎవరం? అది చెప్పకుండా చేసే ఆత్మవిమర్శ దొంగ ఏడుపే. పలాస, కాశీబుగ్గ, టెక్కలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, కవిటి, ఈ చుట్టుపక్కలే పుట్టి ఈ చుట్టుపక్కలే పాఠాలు చెప్పుకుంటున్న వాళ్ళం. మాలో చాలామంది ఇళ్ళల్లో మొదటి డిగ్రీ మాదే. సంక్షేమ హాస్టల్ సాంబారు తిన్నవాళ్ళం, ఒక జత బట్టలు రాత్రి ఉతుక్కుని పొద్దున్న కట్టుకున్నవాళ్ళం, రిజర్వేషన్ మీద సీటూ ఉద్యోగమూ తెచ్చుకున్నవాళ్ళం. పెద్ద కులాల మాస్టార్లకు పేద పిల్లల బాధ ఏం తెలుస్తుంది అనే వాదన వెనక దాక్కోవడానికి మాకు వీల్లేదు. మాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాం.

వేసవిలో చూడాలి మమ్మల్ని. ఇంటర్ ఫలితాలు రావడమే ఆలస్యం, మేం ఊళ్ళ మీద పడతాం. ప్రవేశాలు ఆన్‌లైన్ అయ్యాక కూడా ఈ తిరుగుడు తప్పలేదు. పిల్లలు చేరకపోతే గ్రూపు ఎత్తేస్తారు, గ్రూపు ఎత్తేస్తే మాలో ఒకరికి బదిలీ, ఇంకో గెస్టు లెక్చరరుకు ఇంటిదారి. అందుకని కరపత్రాలు పట్టుకుని అక్కుపల్లి, మంచినీళ్ళపేట, నువ్వలరేవు, భావనపాడు దాకా వెళ్తాం. ఏ ఇంట్లో ఇంటర్ పాసైన పిల్లుందో, ఎవరి నాయన గుజరాత్ వేరావల్‌లో బోటు మీదున్నాడో, ఎవరి అమ్మ జీడిపిక్కలు కొట్టడానికి ఏ ఫ్యాక్టరీకి పోతుందో మాకు నోటికి వస్తుంది. అరుగు మీద కూర్చుని ఇచ్చిన టీ తాగి, ‘ఫీజు మీరు కట్టక్కర్లేదమ్మా, ప్రభుత్వమే కడుతుంది, సర్టిఫికెట్లు ఇచ్చి సంతకం పెట్టండి చాలు’ అంటాం. నల్లబడిన వేళ్ళతో ఆ తల్లి సంతకం పెడుతుంది. జీడినూనె కాల్చిన చర్మం ఎన్ని సబ్బులు రుద్దినా తెల్లబడదు.

అదే పిల్ల డిసెంబరులో రావడం మానేస్తే మాకు ఆ ఇంటి దారి గుర్తుకు రాదు. రోల్ నంబరు ఎదురుగా ఆబ్సెంటు వేసుకుంటూ పోతాం. కొన్నాళ్ళకు ఎర్ర సిరాతో పేరు కొట్టేస్తాం. ఎంతమంది చేరారో ప్రిన్సిపాల్ గది గోడ మీద రాసుంటుంది. ఎంతమంది మధ్యలో పోయారో ఏ గోడ మీదా ఉండదు. సీటు దాకా తెచ్చి కూర్చోబెట్టడమే సామాజిక న్యాయమని మేం నమ్మాం. ఆ తర్వాత మూడేళ్ళు ఆ బెంచీ మీద నిలబడడం వాడి చావు, వాడి బతుకు అనుకున్నాం. మా వైఫల్యాలన్నిటికీ ఇదే తల్లివేరు.

శ్రీకాకుళం జిల్లా తీరాన ఉన్న మా ఉద్దానం సంగతి మరీ సిగ్గుచేటు. ఇక్కడ కెమిస్ట్రీ చదవని ముసలమ్మకు కూడా క్రియాటినిన్ అంటే ఏమిటో తెలుసు. ఎవరికి ఎంత పెరిగిందో పెళ్ళిళ్ళలో మాట్లాడుకుంటారు. 1990ల నుంచి ఊళ్ళకు ఊళ్ళు మూత్రపిండాల జబ్బుతో కూలుతుంటే, కారణం ఇప్పటికీ తేలలేదు. నీళ్ళ కోసం 700 కోట్ల పథకం వచ్చింది, 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రీ కిడ్నీ పరిశోధన కేంద్రమూ తెరిచారు, డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. ప్రభుత్వాలు ఎంత చేశాయి, ఎంత చేయలేదు అనేది వేరే లెక్క. మా లెక్క మేం చూసుకుందాం.

ఒక అబ్బాయి. డిగ్రీ రెండో ఏడు. వారంలో మూడు రోజులు రాడు. వచ్చిన రోజు చివరి బెంచీలో నిద్రపోతాడు. మాలో ఒకరం వాణ్ణి లేపి, తరగతి అంతా నవ్వేలా ఓ మాట అన్నాం. ఇంకొకరం ఫోన్ పిచ్చి అని తేల్చాం. సెమిస్టరు చివర హాజరు లెక్కేస్తే 60 దాటలేదు. 75 శాతం ఉండాలి. తగ్గినవాళ్ళకు వైద్య కారణం చూపిస్తే, రుసుము కట్టించుకుని మినహాయిస్తాం. వాడు సర్టిఫికెట్ తెచ్చాడు. దాని మీద రోగి పేరు వాడిది కాదు, తండ్రిది. వారానికి మూడు డయాలసిస్‌లు, ఒక్కోటి నాలుగు గంటలు, రానూపోనూ ఆటో. పక్కన మనిషి లేకపోతే ఆయన మంచం దిగలేడు. తల్లి తోట పనికి పోకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. కాబట్టి తోడు వెళ్ళేది కొడుకే. మా గుమస్తా రూల్సు పుస్తకం తెరిచి చూపించాడు: విద్యార్థి అనారోగ్యం అని ఉంది, తండ్రి అనారోగ్యం అని లేదు.

కథ అక్కడితో ఆగదు. హాజరు 75 లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంటు రాదు. అది రాకపోతే బకాయి. బకాయి ఉంటే హాల్‌టికెట్టు కోసం ఆఫీసు కిటికీ దగ్గర నిలబడాలి. తండ్రికి తోడు వెళ్ళిన నేరానికి కొడుకు చదువు ఇలా మెట్టుమెట్టుగా జారుతుంది. ఒక్కో మెట్టు దగ్గరా మాలో ఒకరం కూర్చుని ఉన్నాం. ఎవరమూ రూలు తప్పలేదు.

‘ముందే ఎందుకు చెప్పలేదురా?’ అని అడిగితే, వాడన్నాడు: ‘సెప్తే ఏటవుద్ది సార్? మా ఊళ్ళో అందరిళ్ళల్లోనూ ఉన్నదే కదా.’

మా రిజిస్టరు ఖాళీగా ఉండడానికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు. అందరికీ ఉన్న కష్టాన్ని ఎవరూ ఫిర్యాదుగా రాయరు. రాయనిది మాకు కనపడదు. కనపడనిది లేదని నివేదిక పంపుతాం. ఉద్దానం ఏడు మండలాల పిల్లలు చదివే కాలేజీల్లో డయాలసిస్ ఇళ్ళ పిల్లల జాబితా ఒక్కటైనా తయారు చేసుకోలేదు మేం. క్లాసులో ‘ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుందా’ అని చేతులెత్తించమనడం లేదు. చేరిన నెలలో ఒక్కొక్కరిని కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడితే తెలిసేది. మెంటర్ పుస్తకంలో ఆ పనికి ఒక గడి కూడా ఉంది. అందులో మేం రాసింది: ‘సంతృప్తికరం’. ఇరవై మంది పిల్లలకూ ఒకే రోజు, ఒకే పెన్నుతో.

ఇంకొకటి. తిత్లీ తుఫాను 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతంలో తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఆరేడేళ్ళు. ఆ రోజు ఆరో తరగతి, ఏడో తరగతి చదివే పిల్లలు ఇప్పుడు మా డిగ్రీ తరగతుల్లో ఉన్నారు. ఇంటి ఆదాయం పడిపోయిన ఏళ్ళలోనే హైస్కూలు గడిచింది, మధ్యలో కరోనా మింగింది రెండేళ్ళు. వాళ్ళ లెక్కలు బలహీనంగా ఉన్నాయంటే కారణం వెతకడానికి పరిశోధన అక్కర్లేదు, పుట్టిన తేదీ చూస్తే చాలు. స్టాఫ్ రూములో మేమన్నది మాత్రం, ‘ఈ బ్యాచికి బేసిక్సు లేవండీ.’

బేసిక్సు లేవని రెమిడియల్ క్లాసులు పెట్టాం, ఆ మాట ఒప్పుకోవాలి. సాయంత్రం నాలుగు దాటాక పెట్టాం. తీరం పల్లెలకు పోయే బస్సు, షేర్ ఆటో పట్టాల్సిన వాళ్ళు ఆ టైముకు గేటు దాటేస్తారు. ఆడపిల్లలయితే మరీను. క్లాసు ఎవరికి కావాలో వాళ్ళు తప్ప కాశీబుగ్గలో ఇల్లున్న పిల్లలందరూ కూర్చున్నారు. ఫోటో తీసి ఫైల్లో పెట్టాం.

ఇప్పుడు భాష. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియం అయింది. మంచిదా చెడ్డదా అనే చర్చ టీవీల్లో బోలెడు జరిగింది. పిల్లలకు ఇంగ్లీషు కావాలి, వాళ్ళూ అదే అడుగుతున్నారు, మాకు అందులో సందేహం లేదు. కానీ ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లని నేరుగా ఇంగ్లీషు బోటనీలోకి దింపి, ఈత నేర్పకుండా పైనుంచి చూసింది మేమే. మాలో సగం మందికి కూడా ఇంగ్లీషులో నాలుగు మాటలు వరసగా రావు. అందుకని పాఠం తెలుగులో చెప్పి, నోట్సు ఇంగ్లీషులో రాయించి, పరీక్షకు గైడు కొనుక్కోమన్నాం. పిల్లలు బట్టీ పట్టారు. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉండే పుస్తకాలు ప్రభుత్వం తెస్తే, వాటిని వాడటం ఎలాగో నేర్పే ఓపిక మాకు లేకపోయింది.

ఇచ్ఛాపురం, మందస వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలున్నారు. మెళియాపుట్టి, మందస కొండల నుంచి దిగి వచ్చే సవర పిల్లలున్నారు. వాళ్ళకి తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. ఏటా ఆగస్టు 29న మేం గిడుగు రామమూర్తి పంతులు ఫోటోకు దండేసి వ్యావహారిక భాష మీద ఉపన్యాసాలిస్తాం. మా జిల్లా మనిషని ఛాతీ విరుచుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరల దగ్గర కూర్చుని సవర నేర్చుకున్నాడు, వాళ్ళ భాషలోనే పాఠాలు తయారుచేసి బడులు నడిపాడు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. పర్లాకిమిడి ఎంత దూరం? టెక్కలి స్టేషనులో గుణుపురం బండెక్కితే ఆ రోజే తిరిగి రావచ్చు. ఇన్నేళ్ళ తర్వాత మాలో సవరలో ‘బాగున్నావా’ అనగలిగిన లెక్చరరు లేడు. సవర కుర్రాడు నోరు విప్పకపోతే ‘మొద్దు’ అన్నాం. దండ మాత్రం ప్రతి ఏడూ కొత్తది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు గిరిజన సంక్షేమం చూసే సీతంపేట ఐటీడీఏ పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది. మెళియాపుట్టి, మందస సవర ఊళ్ళు శ్రీకాకుళంలోనే ఉండిపోయాయి. స్కాలర్‌షిప్పు ఆగితే ఎక్కడికెళ్ళాలో, ఏ కాగితం ఏ ఆఫీసులో దొరుకుతుందో తెలియక కొండ దిగిన కుర్రాడు రెండు బస్సులు మారి తిరుగుతుంటే, ఆ దారి చెప్పే మనిషిని ఒకణ్ణి కాలేజీలో కూర్చోబెట్టాలని మాకు తట్టలేదు. దానికి పెద్ద ఖర్చేం లేదు. ఒక కుర్చీ, ఒక ఫోను.

స్కాలర్‌షిప్పుల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. క్లాసు జరుగుతుండగా అటెండరు సర్క్యులరు పట్టుకుని వస్తాడు. మేం పాఠం ఆపి చదువుతాం: ‘ఎస్సీ పిల్లలంతా బయోమెట్రిక్‌కి ఆఫీసుకు రావాలి.’ అరవై మంది చూస్తుండగా పదిహేను మంది లేచి వెళ్తారు. అప్పటిదాకా ఎవరి కులం ఎవరికి తెలియకపోయినా ఆ పూటతో తెలిసిపోతుంది. నోటీసు బోర్డు మీద కూడా పేరు పక్కన కులం అచ్చు వేసి అంటిస్తాం. ఫోనుకు మెసేజి పంపితే అయిపోయే పని. ఆ పదిహేను మందిలో కూర్చుని లేచి వెళ్ళిన వాళ్ళమే మాలో కొందరం. ఆ నాలుగడుగులు ఎంత దూరం ఉంటాయో మాకు ఇంకొకరు చెప్పాలా? సర్క్యులరు మా చేతికి వచ్చాక మేమూ అదే చదివాం.

యూజీసీ 2012లోనే నిబంధనలు తెచ్చింది. ప్రతి విద్యాసంస్థలో సమాన అవకాశాల సెల్ ఉండాలి, వివక్ష ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల చనిపోయాడు. మాలో కవులున్నారు, కవితలు రాశారు. వక్తలున్నారు, సభల్లో కంట నీరు పెట్టించారు. మర్నాడు మా కాలేజీలో ఆ 2012 నిబంధనల ప్రతి ఎక్కడుందో వెతికిన వాళ్ళు లేరు. హైదరాబాదులో జరిగేది వివక్ష, మన దగ్గర జరిగేది మామూలు అనుకునే అలవాటు మాది.

మా జిల్లా విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు. ఆయన కథలో మేం చెప్పుకునేది 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పు, కొలంబియా ప్రయాణం. అదే బరోడాకు 1917లో ఉద్యోగానికి తిరిగి వచ్చినప్పుడు ఉండటానికి గది దొరక్క, పార్శీ సత్రం నుంచి గెంటించుకుని, కొలువు వదిలి వెళ్ళిపోయిన భాగం ఏప్రిల్ 14 ఉపన్యాసాల్లో తొందరగా దాటేస్తాం. డబ్బు ఇచ్చారు, నిలబడటానికి చోటు ఇవ్వలేదు. నూరేళ్ళు దాటినా మేం చేస్తున్నదీ అంతే.

అమెరికాలో మన పిల్లలు చదివే విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్రియో అనే ఏర్పాటు ఉంది. 1960లలో మొదలైన ప్రభుత్వ కార్యక్రమాలు అవి. పేద ఇంటి నుంచి, డిగ్రీ లేని తల్లిదండ్రుల ఇంటి నుంచి వచ్చిన వాళ్ళకూ వికలాంగులకూ కాలేజీలో చేరాక ట్యూషను, సలహా, ఫీజు దారి చూపడం దాని పని. బడ్జెట్లో పద్దు ఉంటుంది, జీతమిచ్చి పెట్టిన మనుషులుంటారు. అక్కడా రాజకీయాలు మారినప్పుడల్లా ఆ డబ్బు మీద గొడవే, స్వర్గమేం కాదు. కానీ అడిగిన వాణ్ణి బిచ్చగాడిలా చూడరు. ఎమ్మెస్‌కు వెళ్ళిన మన సోంపేట కుర్రాడు అక్కడి రైటింగ్ సెంటరులో కూర్చుని వ్యాసం దిద్దించుకుంటాడు, సిగ్గుపడడు. ఇక్కడ మా స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడడానికే వాడి తమ్ముడికి కాళ్ళు వణుకుతాయి. ఆ వణుకును మేం గౌరవమని అనుకున్నాం.

విశాఖలో నీట్ శిక్షణ తీసుకుంటూ 2023లో చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి పోరాటం మీద సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పిచ్చింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరు ఒకరైనా ఉండాలంది. ఇలాంటి ఉత్తర్వు వస్తే మేం ఏం చేస్తామో చెప్పనక్కర్లేదు. పీరియడ్లు తక్కువ ఉన్న లెక్చరరును చూసి కౌన్సెలరు అని ఆర్డరు ఇస్తాం. ఆయనకు ఎన్‌ఎస్‌ఎస్, పరీక్షల విభాగం, అడ్మిషన్లు ముందే ఉంటాయి. పిల్ల ఏడ్చుకుంటూ వస్తే, ‘ధైర్యంగా ఉండమ్మా, అమ్మానాన్నల్ని గుర్తు చేసుకో’ అంటాడు. ఆ పిల్ల ఏడుస్తున్నదే వాళ్ళని గుర్తు చేసుకుని.

పోస్టులు ఖాళీ, నిధులు లేవు, ఫీజు బకాయిలు ఏళ్ళ తరబడి రావు, ప్రైవేటు కాలేజీల్లో పీజీ పిల్లలకు 2020 చివర్లో జీవో 77తో రీయింబర్స్‌మెంటే ఎత్తేశారు. ఇవన్నీ నిజాలు, వీటి మీద ప్రభుత్వాలను నిలదీయాల్సిందే, నిలదీశాం కూడా. ధర్నాల్లో మా గొంతు బాగానే లేస్తుంది. కానీ రెమిడియల్ క్లాసును మధ్యాహ్నానికి జరపడానికి జీవో అక్కర్లేదు. కులం పేరు పెట్టి పిలవకుండా ఉండటానికి నిధులు అక్కర్లేదు. నిద్రపోతున్న కుర్రాణ్ణి క్లాసయ్యాక పక్కకు పిలిచి ‘ఇంట్లో ఏమైందిరా’ అనడానికి నాక్ గ్రేడు అక్కర్లేదు. ప్రభుత్వం చేయనిది ప్రభుత్వం ఖాతా. ఇది మా ఖాతా, ఇందులో మినహాయింపు అడగడం లేదు.

పలాస, టెక్కలి, సోంపేట కాలేజీల్లో పనిచేస్తున్న సాటి అధ్యాపకులకు ఒక మాట. హాజరు మినహాయింపు నిబంధనలో ఒక్క వాక్యం చేర్చమని విశ్వవిద్యాలయానికి వినతి రాస్తున్నాం: తల్లిదండ్రుల డయాలసిస్‌కు తోడు వెళ్ళిన రోజులను, ఆసుపత్రి ఇచ్చిన చీటీ ఆధారంగా, వైద్య కారణంగా లెక్కించాలి, రుసుము లేకుండా. మీ సంతకం కావాలి. సంతకం పెట్టిన రోజే మీ హాజరు పట్టీలో ఈ ఏడాది ఎర్ర సిరాతో కొట్టేసిన పేర్లు ఒక కాగితం మీద ఎక్కించండి. సెమిస్టరు పరీక్షల ఫీజు గడువు ముగియకముందే ఆ ఇళ్ళకు ఇద్దరిద్దరం కలిసి వెళ్దాం.